నడవ కింద సన్న పైపు

ముందు చప్పుడు వచ్చేది. వ్యాను నెత్తిన కట్టిన పొడుగాటి గొట్టంలో రాగి పైపులు ఉండేవి. బండి మిట్ట ఎక్కేటప్పుడు అవన్నీ ఒక్కసారిగా వెనక్కి జారి ఖంగుమనేవి. దిగేటప్పుడు ముందుకు జారి మళ్ళీ ఖంగుమనేవి. ఇంగ్లండు ఉత్తరాన హాలిఫాక్స్‌లో చదునైన వీధి ఎంత వెతికినా దొరకదు కాబట్టి ఆ చప్పుడు రోజంతా ఊరిమీద ఎక్కడో ఒకచోట మోగుతూనే ఉండేది. వంటింట్లో కప్పులు కడుగుతున్న ఆడవాళ్ళు తల ఎత్తకుండానే చెప్పేవాళ్ళు, "క్లెమ్ వస్తున్నాడు", లేదా "క్లెమ్ వెళ్ళిపోతున్నాడు" అని. వెనక ఖంగుమంటే రావడం, ముందు ఖంగుమంటే పోవడం.

ఆ తరవాత మనిషి కనిపించేవాడు. క్లెమ్ బారక్లఫ్, పొడుగ్గా, కాస్త వంగి, చెవి ఎప్పుడూ ఏదో గోడవైపు పెట్టినట్టు ఉండేవాడు. పదహారో ఏట గ్యాసు పనిలో చేరాడు. బొగ్గు నుంచి తీసే పాత గ్యాసు పోయి సముద్రం అడుగునుంచి కొత్త గ్యాసు వచ్చిన రోజుల్లో ఇల్లిల్లూ తిరిగి ప్రతి పొయ్యి నోరూ మార్చినవాళ్ళలో అతనొకడు. అప్పటినుంచి ఈ కొండవాలు ఇళ్ళలో అతను మోకాలు ఆనించని వంటగది లేదు.

ఏ ఇంట్లో అడుగుపెట్టినా మొదట నడిచి చూసేవాడు. గ్యాసు మీటరు దగ్గరనుంచి నీళ్ళు కాచే బాయిలరు దాకా, అడుగులు లెక్కపెడుతూ. విందుకి పిలిచినా అంతే, చావు పలకరింపుకి వెళ్ళినా అంతే. పైపు ఎంత లావుండాలన్నది ఆ నడకలోనే తేలేది. ఎవరైనా "ఎందుకయ్యా అంత లావు పైపు, సన్నది చాలదా?" అంటే ఓపిగ్గా చెప్పేవాడు.

"ఆదివారం చర్చి విడిచారనుకోమ్మా. వెనకనున్న చిన్న తలుపు ఒక్కటే తెరిచారు. జనం అంతమందే. కానీ బయటికొచ్చేసరికి నీ కూర మాడిపోతుంది. గ్యాసూ అంతే. మీటరు దగ్గర బలంగానే బయల్దేరుతుంది. ఇరుకులో ఒరుసుకుని ఒరుసుకుని బాయిలరు దగ్గరికొచ్చేసరికి నీరసపడిపోతుంది."

"మరి ఈ మలుపులు?"

"మలుపు మలుపుకీ అర మీటరు దూరం పెరిగినట్టే. గోడకది తెలీదు. గ్యాసుకి తెలుసు."

అతని దగ్గర యు ఆకారంలో వంచిన గాజు గొట్టం ఒకటి ఉండేది, వెనక కొలబద్ద, లోపల నీళ్ళు. గ్యాసు తోస్తే నీళ్ళు ఒకవైపు దిగి ఇంకోవైపు లేస్తాయి. మీటరు దగ్గర ఒత్తిడి ఇరవై ఒక మిల్లీబార్లు చూపిస్తే, బాయిలరు పూర్తి మంటమీద ఉన్నప్పుడు దాని దగ్గర ఇరవైకి తగ్గకూడదు. దారిలో పోగొట్టుకోవడానికి ఒక్కటే అనుమతి. కుర్రవాళ్ళంతా అంకెలు వెలిగే పెట్టెలకు మారినా క్లెమ్ ఆ నీళ్ళ గొట్టాన్నే పట్టుకు తిరిగాడు. "నీళ్ళకి అబద్ధం చేతకాదు" అనేవాడు.

ఆ మాట అనడం ఒక ఏడాది ఉన్నట్టుండి మానేశాడు. మానేశాడని ఎవరూ గమనించలేదు.

*

అది హెడ్లీ లమ్ ఇంట్లో కొత్త బాయిలరు పెట్టిన ఏడాది, రెండువేల మూడు.

హెడ్లీ, క్లెమ్ ఒకే బడి, ఒకే బెంచీ. ఆదివారాలు కొండమీది మెథడిస్టు చర్చిలో పాటల బృందంలో ఒకే వరస, ఇద్దరివీ మంద్రపు గొంతులే. హెడ్లీ తివాచీల మిల్లులో పనిచేసి, అది మూతపడ్డాక ఒక బడికి కాపలాదారుగా కుదిరాడు. చేతులకి మాత్రం చెక్కపనే ఇష్టం. చర్చికి జనం తగ్గి, దాన్ని ఎవరో కొని ఇళ్ళుగా మారుస్తున్నప్పుడు, నేలమీద పరిచిన చెక్క బిళ్ళల్ని చెత్తబండిలో వేస్తుంటే హెడ్లీ అడిగి తెచ్చుకున్నాడు. వేసవంతా ఒక్కొక్క బిళ్ళనీ గీకి, అడుగున అంటిన తారు వదిలించి, తన ఇంటి నడవలో పరిచాడు. మధ్యలో చేపముల్లు అల్లిక, గోడల వెంట తిన్నగా ఒక అంచు వరస. వీధి తలుపునుంచి వంటగది దాకా తేనెరంగు నేల.

ఆ వేసవిలోనే ఒక శనివారం పబ్బులో కూర్చున్నప్పుడు హెడ్లీ కొత్త బాయిలర్ల గురించి అడిగాడు. క్లెమ్ అందరికీ చెప్పినట్టే అతనికీ చెప్పాడు. పాతవి ఒక తొట్టెడు నీళ్ళు నింపాదిగా కాచి దాచుకునేవి, కొత్తవి కుళాయి తిప్పిన క్షణంలో కాచి ఇవ్వాలి. అందుకు రెట్టింపు గ్యాసు కావాలి. అరంగుళం పైపు పాతదానికి చాలేది, కొత్తదానికి ముప్పావంగుళం ఉండాల్సిందే. హెడ్లీ గ్లాసు తిప్పుకుంటూ విన్నాడు. అతను ఏది విన్నా అలాగే వినేవాడు.

అక్టోబరులో క్లెమ్ బాయిలరు మోసుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు.

"ఏరా, బూట్లు!" అన్నాడు హెడ్లీ లోపలినుంచి.

"పనికొచ్చాన్రా, పెళ్ళికి కాదు."

"పెళ్ళికొచ్చినా విప్పాల్సిందే."

"ఆయన నన్నే మేజోళ్ళతో తిప్పుతున్నాడు క్లెమ్," అంది హెడ్లీ భార్య ఆడ్రీ. "రాణిగారొచ్చినా విప్పాల్సిందే అంటున్నాడు. విప్పు, విప్పు."

బూట్లు విప్పి నేలమీద నిలబడ్డాడు. హెడ్లీ మోకాళ్ళమీద కూర్చుని చేత్తో తడిమి చూపించాడు. "ఇదిగో, ఈ మరక ఆర్గన్ కింద ఉండేది. ఇక్కడ చూడు, పల్లం పడింది. ఇది మన వరస. నువ్వూ నేనూ ముప్పై ఏళ్ళు బరువు మార్చి మార్చి అరగదీసిన చెక్క."

క్లెమ్ ఆ పల్లంలో పాదం పెట్టాడు. చల్లగా, నున్నగా ఉంది. పాట మొదలయ్యే ముందు అందరూ ఒకేసారి పీల్చే ఊపిరి గుర్తొచ్చింది.

తరవాత నడిచాడు. తలుపు పక్కన మీటరు. తొమ్మిది మీటర్ల పొడవు, ఆరు మలుపులు, మొత్తం పన్నెండు కింద లెక్క. నేల కింద ఉన్నది అరంగుళం పైపు. సంచీ విప్పకముందే తెలిసిపోయింది, చాలదు. ముప్పావు వేయాలంటే ఈ కొసనుంచి ఆ కొసదాకా నేల లేపాలి. గోడమీదుగా తీసుకెళ్ళచ్చు, కానీ అంత అందమైన నడవలో భుజమెత్తున రాగి పైపు పోతుంటే హెడ్లీ రోజూ దాన్ని చూస్తూ బతకాలి.

హెడ్లీ చేతిలో మైనం గుడ్డతో అక్కడే నిలబడి ఉన్నాడు. "ఏమైనా అడ్డమా?"

"ఏం లేదు."

ఒక నిమిషం ఆగి హెడ్లీ మళ్ళీ అడిగాడు. "నిజంగానే ఏం అడ్డం లేదా?"

"లేదన్నానుగా. పో, టీ పెట్టమను."

హెడ్లీ గుడ్డ మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళాడు.

మధ్యాహ్నానికి బాయిలరు గోడకెక్కింది, పాత సన్న పైపుకే తగిలించాడు. కుళాయిలన్నీ తిప్పి, మంట పూర్తిగా లేచాక గాజు గొట్టం తగిలించి చూశాడు. నీళ్ళు పదిహేడు దగ్గర ఆగాయి. ముందు గదిలో చలి కాచుకునే గ్యాసు పొయ్యి ఆరి ఉంది, వంటపొయ్యి ఆరి ఉంది. అయినా పదిహేడే. నీళ్ళకి జాలి కలుగుతుందేమో అన్నట్టు కాసేపు చూస్తూ కూర్చున్నాడు. కలగలేదు.

బాయిలరుతో వచ్చిన చిన్న పుస్తకంలో కొలత రాయాల్సిన గడి ఉంది. పెన్ను తీసి ఇరవై అని రాశాడు.

"బాగుందా?" అంటూ ఆడ్రీ టీ, అల్లం కేకు తెచ్చింది.

"బాగుంది."

"నీ చెయ్యి పడిందంటే ఇంకేం కావాలి," అందామె. ఆ పుస్తకం తీసుకుని పెళ్ళి కాగితాలూ ఇంటి కాగితాలూ ఉండే సొరుగులో పెట్టింది.

*

ఆ తరవాత పద్నాలుగేళ్ళు ప్రతి శనివారం సాయంత్రం క్లెమ్ ఆ ఇంట్లోనే టీ తాగాడు. అతనికి పెళ్ళి లేదు. రెండు వీధుల అవతల ఒంటరి ఇల్లు. ముందు గదిలో పొయ్యి పక్కన అతనికో కుర్చీ ఉండేది. నడవలోంచి వచ్చేటప్పుడు నేల మధ్యలో కాకుండా గోడ వెంట అంచుమీద నడిచి వచ్చేవాడు. ఆ అంచు కిందే పైపు ఉంది. ఎందుకలా నడుస్తున్నాడో తనకే సరిగా తెలీదు. నిద్రపోతున్నవాళ్ళ మంచం పక్కన నడిచినట్టుండేది ఆ నడక.

ఊరందరినీ "నీళ్ళు బాగా కాగుతున్నాయా?" అని అడిగే మనిషి ఆ ఇంట్లో మాత్రం ఒక్కసారీ అడగలేదు. అడిగితే జవాబు వస్తుంది కదా.

హెడ్లీకి వేళ్ళ కీళ్ళు, మోకాళ్ళు బిగుసుకుపోవడం మొదలైంది. రోజూ పొద్దున్నే వేడి నీళ్ళ తొట్టెలో కూర్చుంటేగాని చొక్కా గుండీ పట్టేది కాదు. చెక్కపని మానేశాడు. పాట మాత్రం మానలేదు. స్నానం చేస్తూ పాడేవాడని ఆడ్రీ ముసిముసిగా చెప్పేది.

పొయ్యి పక్కనున్న ఆడ్రీ కుర్చీ వీపుమీద ఎప్పుడూ గళ్ళ ఉన్ని కోటు ఒకటి వేలాడుతుండేది. క్లెమ్ ఆటపట్టించేవాడు.

"ఏంటమ్మాయ్, ఎప్పుడూ ఊరికి బయల్దేరేదానిలా ఆ కోటు? లీడ్స్ రైలు పోతోందా?"

"ఉండనీ, నీకేం? కుర్చీకి చలేస్తుంది."

"పొయ్యి పక్కనున్న కుర్చీకి చలేంటి?"

"నీ పైపుల సంగతి నువ్వు చూసుకో, నా కుర్చీ సంగతి నేను చూసుకుంటా."

హెడ్లీ నవ్వేవాడు. క్లెమ్ నవ్వేవాడు. ఆ కోటు వెనక నీడ గోడమీద ఇంకో మనిషిలా ఉండేది.

రెండువేల పదిహేడు ఫిబ్రవరిలో హెడ్లీ పోయాడు. తెల్లవారి స్నానం చేసి, బట్టలేసుకుని, మెట్లు దిగి వచ్చి కూర్చున్నాక.

సమాధి చేసి వచ్చాక ఆ ఇంట్లోనే టీ, పంది తొడ మాంసం పెట్టిన రొట్టెలు. నల్లబట్టల జనం ముందు గదిలో పొయ్యి చుట్టూ కిక్కిరిసి కూర్చున్నారు. బయట సన్నగా మంచుతో కలిసిన వాన. క్లెమ్ చేతిలో ప్లేటు పెట్టుకుని తన కుర్చీలో కూర్చున్నాడు. వంటగదిలో ఆడ్రీ చెల్లెలు నోరా ప్లేట్లు కడగడానికి వేడి నీళ్ళ కుళాయి తిప్పింది. గోడ అవతల బాయిలరు లేచిన చప్పుడు వినిపించింది.

ఆ చప్పుడుకి ఆడ్రీ, మాట్లాడుతున్న మాట మధ్యలో ఆపి, లేచి, జనాన్ని తోసుకుంటూ వచ్చి, పొయ్యి ముందు మోకాళ్ళమీద కూర్చుని గ్యాసు ఆర్పేసింది. ఆర్పి, అలవాటుగా కుర్చీ వీపుమీది కోటు తీసి భుజాలమీద వేసుకుంది.

గది చల్లబడింది. జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

నోరా చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "అదేంటక్కా, ఈ చలిలో మంట ఆర్పేశావ్? మతిపోయిందా?"

"నువ్వు కుళాయి తిప్పావుగా."

"తిప్పితే?"

"మంట ఉంటే నీళ్ళు చల్లబడిపోవూ? హెడ్లీ తొట్టె నింపుకునేటప్పుడు రోజూ ఆర్పేదాన్ని. తొట్టె నిండేదాకా ఒక ఇరవై నిమిషాలు. వంటపొయ్యి కూడా ముట్టుకోకూడదు. మర్చిపోయి గుడ్డు ఉడకేశానా, పైనుంచి 'ఆడ్రీ, కుళాయి తిప్పావా?' అని ఒకటే కేక." ఆమె అందరివైపూ చూసింది. "ఏం, మీ ఇళ్ళలో ఆర్పరా?"

ఎవరో మెల్లగా లేదన్నారు. ఎవరో దగ్గారు. "కొత్త బాయిలర్లు అంతేలే, ఒక్కో ఇంట్లో ఒక్కో రకం," అని ఒకాయన సర్దిచెప్పాడు. "అయినా క్లెమ్ పెట్టిందిగా. అది బాగానే ఉండుంటుంది."

అందరూ క్లెమ్‌వైపు చూసి తల ఊపారు. క్లెమ్ నోట్లో రొట్టెముక్క అలాగే ఉండిపోయింది. ఆడ్రీ భుజాలమీద గళ్ళ కోటు వంకే చూస్తున్నాడు. పద్నాలుగు చలికాలాలు ఆ కోటు ఎందుకు అక్కడ వేలాడిందో, దాన్ని చూసి తనెన్ని జోకులు వేశాడో, అన్నీ ఒక్కొక్కటే లెక్కకొస్తున్నాయి.

*

అతని గ్యాసు లైసెన్సు కార్డు మార్చి నెలాఖరుతో అయిపోతుంది. మోకాళ్ళు అరిగిపోయాయి, ఇక తిరిగి రాయించుకోకూడదని శీతాకాలం మొదట్లోనే అనుకున్నాడు. ఆ కార్డు అయిపోయాక ఒక్క జాయింటు విప్పినా తప్పే. ఆ పైపుని తన చేత్తో మార్చాలంటే నెలన్నరే ఉంది. ఆ నెలన్నరలో నెల రోజులు ధైర్యం కూడగట్టుకోవడానికే సరిపోయింది. శనివారాలు వెళ్ళాడు, టీ తాగాడు, వచ్చేశాడు. నోరు తెరిచినప్పుడల్లా వేరే మాట వచ్చింది.

మార్చి మూడో వారంలో ఒక పొద్దున, శనివారం కాని రోజు, వ్యాను మిట్ట ఎక్కింది. పైపులు వెనక్కి జారి ఖంగుమన్నాయి. ఆడ్రీ తలుపు తీసుకుని గుమ్మంలో నిలబడే ఉంది.

"ఏంటి క్లెమ్, ఇవాళ బుధవారం కదా?"

"నీతో ఒక మాట చెప్పాలి. నిలబడే చెప్తాను."

"బూట్లు విప్పి చెప్పు."

విప్పాడు. మేజోళ్ళతో ఆ తేనెరంగు నేలమీద నిలబడి చెప్పాడు. పైపు చాలదని ఆ రోజే తెలుసునని చెప్పాడు. హెడ్లీ నేల చెడగొట్టడానికి చేతులు రాలేదని చెప్పాడు. పదిహేడు చూసి ఇరవై రాశానని చెప్పాడు. "మంట ఆర్పాల్సిన అవసరం ఏ ఇంట్లోనూ లేదు ఆడ్రీ. ఈ ఇంట్లోనూ ఉండకూడదు. అది నేను చేసింది."

వంటగదిలో గడియారం, వీధిలో పాలబండి వినిపించాయి. ఆడ్రీ నేలవైపు చూపించింది.

"ఈ అంచు వరస ఊడొస్తుంది," అంది.

"ఏమిటి?"

"గోడ వెంట ఉన్న ఈ వరస. దీన్ని హెడ్లీ అంటించలేదు. మరలు బిగించి, పైన చెక్క బిరడాలు పెట్టాడు. మైనం కింద కనపడదు. దీని కింద పైపుంది, క్లెమ్‌కి ఎప్పుడో అవసరం పడుతుంది అన్నాడు."

క్లెమ్ గోడ పట్టుకుని కిందికి దిగాడు. ముఖం నేలకి ఆనించినంత దగ్గరగా పెట్టి చూశాడు. మూరెడుకొకటి చొప్పున చిక్కుడు గింజంత గుండ్రటి గుర్తులు. పద్నాలుగేళ్ళు వాటిమీదే నడిచాడు.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నేనూ అదే అడిగాను ఆ రోజు. నువ్వు టీ తాగి వెళ్ళిపోయాక. 'ఆ వరస సంగతి క్లెమ్‌కి చెప్పావా?' అంటే, 'పని తెలిసిన మనిషికి పని చెప్పడమేంటి? రెండుసార్లు అడిగాను, అడ్డం ఏం లేదన్నాడు. కావాలంటే అడిగేవాడు కాడూ?' అన్నాడు. నువ్వు అడగలేదని కాస్త చిన్నబుచ్చుకున్నాడు కూడా. అంత కష్టపడి చేసింది చూపించుకోవడానికి లేకపోయిందని."

ఆమె వెళ్ళి టీ పెట్టింది. అతను సూదిలాంటి మొనున్న పనిముట్టుతో మొదటి బిరడా లేపాడు. కింద ఇత్తడి మర తళతళలాడుతోంది, నిన్ననే బిగించినట్టు. హెడ్లీ దానికి కాస్త కొవ్వు కూడా రాశాడు, తుప్పు పట్టకుండా, తిప్పేవాడి చేతికి కష్టం లేకుండా. పది నిమిషాల్లో వరస మొత్తం పైకొచ్చింది. దాని కింది పలకలూ అంతే, కోసి, తేలిగ్గా లేచేలా ఆనించి ఉన్నాయి.

నడవ అడుగున చీకట్లో సన్నగా, పాతబడి నల్లగా ఆ పైపు. అది పైపు కూర్చునేందుకు దూలాలమీద చెక్కిన గాళ్ళలో పడుకుని ఉంది. క్లెమ్ టార్చి వేసి చూశాడు.

గాళ్ళు పైపుకన్నా వెడల్పుగా ఉన్నాయి. ప్రతి దూలంమీదా, ఒక్కటి కూడా తప్పకుండా, ఉలితో అంచులు నున్నగా చేసి, ముప్పావంగుళం పైపు సరిగ్గా కూర్చునేలా చెక్కి ఉన్నాయి. సన్న పైపు వాటిలో అటూ ఇటూ ఖాళీతో, పెద్దవాళ్ళ పక్కమీద పడుకున్న పసిపిల్లలా ఉంది.

పబ్బులో గ్లాసు తిప్పుకుంటూ హెడ్లీ అంతా విని, ముప్పావు పైపు కోసం ముందే ఇవి చెక్కిపెట్టాడన్నమాట. "ఏమైనా అడ్డమా?" అని రెండోసారి అడిగినప్పుడు ఆ గొంతులో ఉన్నదేమిటో క్లెమ్‌కి ఇప్పుడు వినిపించింది. ఒక్క ప్రశ్న చాలేది. "నేల లేస్తుందా హెడ్లీ?" అంతే. ఒక్క పూట పని.

ఆడ్రీ టీ కప్పుతో వచ్చి నిలబడింది. "ఏమైంది? ఎలకలా?"

"కాదు." అతను గాడిలో వేలు పెట్టి అంచు తడిమాడు. "బాగా చేశాడు."

గాళ్ళ సంగతి ఆమెకి చెప్పలేదు. చెప్పాలనుకున్నాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

మధ్యాహ్నం దాటేసరికి పాత పైపు బయటికొచ్చింది. కొత్తది గాళ్ళలో కూర్చుంది, ఎక్కడా సుత్తి తగలకుండా. పక్క చెక్క కాలకుండా తడిగుడ్డ అడ్డం పెట్టి ఒక్కొక్క జాయింటూ అతికాడు. పైపులోకి గాలి ఎక్కించి, గాజు గొట్టంలో నీళ్ళు కదలకుండా నిలబడేదాకా చూశాడు. సబ్బునీళ్ళు రాసి బుడగ రాదని చూశాడు. తరవాత బాయిలరు, ముందు గది పొయ్యి, వంటపొయ్యి నాలుగు కళ్ళూ, అన్నీ ఒకేసారి వెలిగించమన్నాడు. పొయ్యి వెలిగించడానికి ఆడ్రీ ఒక్క క్షణం తటపటాయించింది. వెలిగించింది.

నీళ్ళు ఇరవైన్నర దగ్గర నిలబడ్డాయి.

ఆమె కుళాయి కింద చెయ్యి పెట్టి వెంటనే లాక్కుంది. మళ్ళీ పెట్టింది.

"ఇలాగా ఉండాల్సింది?" అంది.

"ఇలాగే."

చెయ్యి నీళ్ళ కిందే ఉంచి, కిటికీలోంచి బయటికి చూస్తూ మాట్లాడింది. "నీకొకటి చెప్తాను క్లెమ్. నాకు ఆ చలి పెద్ద బాధ కాదు. రోజూ ఆయన తొట్టె నింపుకునేటప్పుడు మంట ఆర్పి, కోటేసుకుని కూర్చుని, పైన పాట మొదలవడం కోసం చూసేదాన్ని. పాట మొదలైందంటే నీళ్ళు వేడిగా ఉన్నట్టు. ఆయన దిగొచ్చేలోపు మళ్ళీ వెలిగించేదాన్ని. గది చల్లగా ఉందేంటంటే కిటికీ తీశాననేదాన్ని. ఆయనకి నేను చేసే పని అది. ఇంకెవరికీ తెలియని పని. అది నాది అనుకున్నాను." కుళాయి కట్టేసింది. "ఇప్పుడు నువ్వొచ్చి, అది నీ తప్పు అంటున్నావు."

అతను టార్చి తీసి సంచీలో పెట్టాడు.

"నీమీద కోపం లేదులే. ఉంటే బావుండేది."

చివరికి, "ఆ పుస్తకం ఇస్తావా? కొత్త కొలత రాయాలి," అన్నాడు. ఆమె సొరుగులోంచి తెచ్చింది. కొత్త గడిలో ఇరవైన్నర రాసి, తారీఖు వేసి, పాత పేజీ తిప్పాడు. ఇరవైమీద గీత పెట్టబోతుంటే ఆడ్రీ పుస్తకం లాక్కుంది.

"అది కొట్టెయ్యద్దు."

"అది అబద్ధం ఆడ్రీ."

"కావచ్చు. హెడ్లీ కళ్ళద్దాలు పెట్టుకుని చదివి, 'చూడు, క్లెమ్ ఎంత పొందిగ్గా రాశాడో' అని దాచమన్న పేజీ అది. ఉండనీ."

పుస్తకం సొరుగులోకి వెళ్ళిపోయింది. అతను అంచు వరసని మళ్ళీ పరిచి, ఒక్కొక్క మరా బిగించి, బిరడాలు పెట్టి, మైనం రాశాడు. హెడ్లీ మైనం గుడ్డ మీటరు పెట్టెలోనే మడత పెట్టి ఉంది. దాంతోనే రుద్దాడు.

*

మార్చి అయిపోయింది. కార్డు అయిపోయింది. వ్యాను అమ్మేశాడు. మిట్టమీద ఇప్పుడు ఆ చప్పుడు లేదు. కొత్త కుర్రాళ్ళు వంగే పసుపు పైపు చుట్టలు తెస్తున్నారు, అవి చప్పుడు చెయ్యవు. శనివారాలు క్లెమ్ నడిచే వెళ్తాడు. గోడ వెంట కాదు, నేల మధ్యలోంచి. ఆడ్రీ టీ ఇస్తుంది, అల్లం కేకు కోస్తుంది. మంట ఆరదు, నీళ్ళు చల్లబడవు. అయినా కుళాయి తిప్పిన చప్పుడు వింటే ఆమె కుర్చీలోంచి సగం లేచి మళ్ళీ కూర్చుంటుంది. కోటు అక్కడే ఉంది. దానిమీద అతనిప్పుడు జోకు వెయ్యడు. ఆమె కూడా అతని పైపుల ఊసెత్తదు. ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటారు. మధ్యలో ఎక్కడో ఒక మాట రావాల్సిన చోట రాదు, పాటలో ఒక గొంతు లేనట్టు.

గాళ్ళ సంగతి ఆమెకి ఇప్పటికీ చెప్పలేదు. చెప్తే హెడ్లీ పనితనం ఇంకొక్కరికి తెలుస్తుంది. కానీ తను వెయ్యకుండా పోయిన ఒక్క ప్రశ్న బరువు ఆమె కూడా మొయ్యాల్సి వస్తుంది. ఏది న్యాయమో తేల్చుకోలేక శనివారం తరవాత శనివారం వాయిదా వేస్తున్నాడు.

ఇదంతా రాసుకోవడానికి నేను వెళ్ళిన రోజు అతను తన ఇంటి మేడ మెట్లమీద కూర్చుని, ఒళ్ళో ఆ గాజు గొట్టం పెట్టుకుని అంతా చెప్పాడు. ఆడ్రీ చదివితే గాళ్ళ సంగతి తెలిసిపోతుంది కదా అని నేనంటే, "తెలియనీ. నా నోట రాని మాట కాగితంమీదైనా రానీ," అన్నాడు. గొట్టంలో నీళ్ళు రెండువైపులా సమంగా, కదలకుండా ఉన్నాయి. నేను సెలవు తీసుకుని వీధి తలుపు దాటాక వెనకనుంచి పిలిచాడు.

"ఆగు, ఆ అంకె సరిగా రాశావా? పుస్తకంలో ఉన్నది చూసి రాసేవు. ఇరవై కాదు. పదిహేడు. పదిహేడని రాయి."